వెబ్ ఏఆర్ నేర్చుకుందాం – 4వ భాగం: ఏ బొమ్మ పనికొస్తుంది?

కెమెరాలో కనబడేదాని మీద, మనం పెట్టింది అక్కడే ఉన్నట్టు చూపించడమే ఏఆర్. అది బ్రౌజర్‌లోనే నడిస్తే వెబ్ ఏఆర్. పోయిన భాగంలో, వెబ్ పేజీలో త్రీడీ వస్తువులు పెట్టే ఎ-ఫ్రేమ్‌తో ఎర్ర డబ్బా ఒకటి తెర మీద తిప్పాం. ఈసారి కెమెరా తెరుద్దాం. ఎదురుగా ఉన్న కాగితాన్ని ఫోను గుర్తుపట్టాలి, దాని మీద మనం పెట్టింది కనబడాలి. యాప్ దింపుకునే పని లేదు, లింకు నొక్కితే చాలు.

నేను తీసుకున్నది బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే ఒకాయన, వచ్చినవాళ్లకి ఇవ్వడానికి ఓ కార్డు చేసిపెట్టమన్నారు. కార్డుకి ఫోను చూపిస్తే వీణ మోగాలి. కోడు గంటలో అయిపోయింది. కార్డు మీది బొమ్మ కుదరడానికి మూడు రోజులు పట్టింది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం బొమ్మ గురించే.

మనం వాడేది మైండ్‌ఏఆర్ అనే ఉచిత లైబ్రరీ, అంటే మన పేజీకి కలుపుకునే రెడీమేడ్ కోడు. బ్రౌజర్లకి వెబ్‌ఎక్స్‌ఆర్ అనే సొంత పద్ధతి ఒకటి ఉంది కానీ, ఐఫోన్ సఫారీలో దానితో ఏఆర్ నడవదు. మైండ్‌ఏఆర్‌కి కెమెరా దొరికితే చాలు, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. దీనికి కంపైలర్ పేజీ ఒకటి ఉంది. అందులో బొమ్మ వేస్తే, దాన్ని గుర్తుపట్టడానికి కావాల్సిన వివరాలతో మైండ్ ఫైలు తయారుచేసి ఇస్తుంది. తర్వాత బొమ్మ మీద చుక్కలు పెట్టి చూపిస్తుంది. ఫోను కార్డును గుర్తుపట్టేది ఆ చుక్కల వల్లే.

చుక్కలు ఎక్కడ పడతాయో కంప్యూటర్ ముట్టకుండానే తెలుసుకోవచ్చు. ఓ అట్టముక్కకి రూపాయి బిళ్లంత కన్నం చెయ్యండి. దాన్ని బొమ్మ మీద పెట్టి, కన్నంలోంచి మాత్రమే చూడండి. ఇప్పుడు మీరు బొమ్మలో ఎక్కడున్నారో చెప్పగలరా?

పొందూరు ఖద్దరు పంచె మీద పెడితే ఎటు జరిపినా తెలుపే. చెప్పలేరు. వీణ తంతి మీద పెడితే, అడ్డంగా జరిపినప్పుడు తేడా తెలుస్తుంది, తంతి వెంబడి జరిపితే తెలియదు. సగమే చెప్పగలరు. తంతీ మెట్టూ కలిసేచోట పెడితే ఎటు జరిపినా తేడా తెలుస్తుంది. అదే మూల. చుక్కలు పడేది ఇలాంటి మూలల దగ్గరే.

నేను బోల్తాపడింది కూడా అక్కడే. మెట్లున్న భాగం దగ్గరగా ఫొటో తీసి కార్డు నిండా వేశాను. చుక్కలు బోలెడు పడ్డాయి, సంబరపడ్డాను. కానీ వీణకి మెట్లు 24. ఏ మెట్టు దగ్గర చూసినా ఒకేలా ఉంటుంది. ఫోను ఐదో మెట్టుని ఆరోదనుకుంది, ఆరోదాన్ని ఏడోదనుకుంది. కార్డు మీద నిలబడాల్సిన వీణ పూనకం వచ్చినట్టు ఊగింది. చుక్కలు ఎక్కువుంటే సరిపోదు, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. గళ్ల లుంగీ, టైల్స్ నేల ఇందుకే పనికిరావు.

చివరికి వీణ కొసన చెక్కే యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) ముఖం తీసుకున్నాను. కన్నూ, కోరా, చెక్కడపు వంపులూ, ఏ రెండు చోట్లూ ఒకేలా లేవు. చూపించగానే పట్టేసింది.

విజయనగరంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు గంటస్తంభానికే ఫోను చూపిస్తామన్నారు. కుదరదు. ఈ పద్ధతికి చదునుగా ఉన్న బొమ్మ కావాలి. స్తంభం ఓ పక్క నుంచి ఒకలా, ఇంకో పక్క నుంచి ఇంకోలా కనబడుతుంది, నీడలు పూటపూటకీ మారతాయి. గంటస్తంభం ఫొటో అచ్చేసుకుని దానికి చూపించండి, బాగా వస్తుంది.

ఇక పేజీ రాయడం. ముందు ఎ-ఫ్రేమ్ స్క్రిప్టు, దాని కింద మైండ్‌ఏఆర్ స్క్రిప్టు. ఈ వరస తప్పకూడదు. దృశ్యమంతా పట్టుకునే సీన్ ట్యాగులో మైండ్ ఫైలు ఎక్కడుందో చెప్పాలి. లోపల కెమెరా పెట్టి, దాని లుక్ కంట్రోల్స్ (ఫోను తిప్పితే, వేలితో లాగితే చూపు తిరిగే ఏర్పాటు) ఆపెయ్యాలి. తర్వాత ఒక ఎంటిటీ (వస్తువులు పెట్టుకునే ట్యాగు), దానికి టార్గెట్ ఇండెక్స్, అంటే ఎన్నో బొమ్మో చెప్పే అంకె, 0. బొమ్మ ఒకటే అయినా లెక్క సున్నా నుంచే. కార్డు మీద కనబడాల్సిందంతా ఈ ఎంటిటీ లోపలే రాయాలి. కొలతల్లో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: బొమ్మ వెడల్పు ఎంతైనా మైండ్‌ఏఆర్‌కి అది 1. నా బొమ్మ 9 సెంటీమీటర్ల వెడల్పు, 5.4 ఎత్తు. అంటే ఎత్తు 0.6.

శబ్దం కోసం, కార్డు దొరికినప్పుడు వచ్చే టార్గెట్‌ఫౌండ్‌కి పాట మొదలుపెట్టాలి, కార్డు తప్పిపోయినప్పుడు వచ్చే టార్గెట్‌లాస్ట్‌కి ఆపాలి. అయితే జనం తెరను ఒక్కసారైనా ముట్టుకోకపోతే బ్రౌజర్లు శబ్దం రానివ్వవు. కాబట్టి ముందు ‘మొదలుపెట్టు’ అని ఓ బటన్ పెట్టండి.

ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే వస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోనులో ల్యాప్‌టాప్ అడ్రసు, అంటే 192.168తో మొదలయ్యేది, కొట్టి తెరిస్తే మాత్రం కెమెరా రాదు. గొల్లపల్లిలో నాకు అదే జరిగింది. ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి, ‘‘ఏటి బాబూ, ఏటీ రాదేటి?’’ అన్నారు. నాకు చెమటలు పట్టాయి, కోడంతా వెతికాను. తప్పు కోడులో లేదు. హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) లేని అడ్రసుకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదు, లోకల్‌హోస్ట్‌కి, అంటే పేజీ నడుస్తున్న అదే కంప్యూటర్‌కి, మాత్రమే మినహాయింపు. పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో (వెబ్ పేజీలు ఉచితంగా పెట్టుకునే చోటు) పెడితే హెచ్‌టీటీపీఎస్ దానంతటదే వస్తుంది, ఖర్చు లేదు.

మరో మాట. కార్డుకి మెరిసే లామినేషన్ చేయించకండి. నేను చేయించాను. ట్యూబులైటు కింద పెట్టేసరికి యాళి కన్ను ఉండాల్సినచోట తెల్లటి మెరుపు మాత్రమే ఉంది, ఫోనుకి ఏమీ దొరకలేదు. మెరుపు లేని మందపాటి కాగితం మీద వేయించండి.

పై వారానికి పని: ఇంట్లోంచి మూడు బొమ్మలు తీసుకోండి. ఓ క్యాలెండరు, ఓ పుస్తకం అట్ట, ఓ గళ్ల తువ్వాలు ఫొటో. ముందు కన్నం అట్టతో చూసి, ఏది పనికొస్తుందో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ తర్వాతే కంపైలర్‌లో వేసి చుక్కలు చూడండి. వచ్చే భాగంలో ఆ కార్డు మీద నిజంగా ఓ త్రీడీ వీణను నిలబెడదాం. నా దగ్గరున్న వీణ మోడల్ 40 ఎంబీ ఉంది, ముందు దాని సైజు తగ్గించాలి.