జ్వరం వచ్చినవాణ్ణి గదిలో ఒంటరిగా వదలకండి: నల్లగొండ, పాలమూరు నుంచి చదువుకు వస్తున్నవాళ్లకు

పోయిన వారం కల్వకుర్తి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఆగస్టులో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర యూనివర్సిటీలో చేరుతున్నాడు. "అన్నా, ఫారంలో మెనింజైటిస్ టీకా అని అడుగుతున్నరు. మెదడువాపు టీకానే గదా, చిన్నప్పుడే ఏయించినం అంటున్నది అమ్మ" అన్నాడు. రెండేళ్ల కిందట నేను బయలుదేరేటప్పుడు దేవరకొండలో మా ఇంట్లోనూ ఇదే మాట నడిచింది. అందుకే ముందు ఈ చిక్కు విప్పుతాను.

మనవైపు మెదడువాపు అంటే ఎక్కువగా దోమలతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. దాని టీకా వేరు. మెనింజైటిస్ అంటే మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే పొరలు వాచడం. వైరస్ వల్ల రావచ్చు, టీబీ వల్ల రావచ్చు, రకరకాల బ్యాక్టీరియా వల్ల రావచ్చు. కాలేజీలవాళ్లు హడలిపోయేది మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియాకు. మన సర్కారు దవాఖానాల్లో పిల్లలందరికీ వేసే టీకాల్లో ఇది లేదు. కాబట్టి అమ్మ దాచిన కార్డులో ఎన్ని టిక్కులున్నా, ఇది వేసి ఉండకపోవచ్చు. మన ఊళ్లలో దీని గురించి బాగా తెలిసింది హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లకే. ఈ టీకా లేనిదే వాళ్లను సౌదీ రానివ్వదు.

ఈ బ్యాక్టీరియా దాదాపు పదిమందిలో ఒకరి ముక్కులో, గొంతులో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. ఎప్పుడో ఒకరిలో రక్తంలోకి దిగుతుంది. అప్పుడు గంటల్లో మనిషిని పడగొడుతుంది. మందులు వాడినా నూటికి పది నుంచి పదిహేను మంది చనిపోతారు. బతికినవాళ్లలో కొందరికి వినికిడి పోతుంది, కొందరికి కాళ్లు, వేళ్లు తీసెయ్యాల్సి వస్తుంది. అరుదైన జబ్బే. కానీ వేర్వేరు ఊళ్లవాళ్లు కొత్తగా ఒకచోట చేరి, ఇరుకు గదుల్లో కలిసి ఉండే వయసులో దీనికి సందు దొరుకుతుంది.

క్లాసులో పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు, అంత భయం వద్దు. దగ్గరి నుంచి దగ్గు, ఉమ్మి, ఎక్కువసేపు ఒకే గదిలో ఉండటం, వీటి వల్ల వస్తుంది. మా నాయనమ్మ చెంబు పెదాలకు తగలనిచ్చేది కాదు, ఎత్తి తాగాల్సిందే. ఎంగిలి అనే ఆ పట్టింపు ఇక్కడికొచ్చాక మనవాళ్లు మొదట వదిలేస్తారు. ఒకే బాటిల్, ఒకే సిగరెట్ నలుగురి చేతులు మారుతుంది. ఈ ఒక్క విషయంలో నాయనమ్మ మాటే వినండి.

ఇక టీకా. ఈ బ్యాక్టీరియాలో ఏ, సీ, డబ్ల్యూ, వై అనే నాలుగు రకాలకు కలిపి ఒకటి ఉంది. బి రకానికి వేరే టీకా. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు మొదటిది వేయించుకున్నట్టు కాగితం చూపాలి. గత ఐదేళ్లలో వేసినదై ఉండాలి, క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేయించి ఉండాలి. ఈ చట్టానికి ఇద్దరు విద్యార్థుల పేర్లున్నాయి. జేమీ షాన్‌బామ్ 2008లో ఆస్టిన్‌లో చదువుతుండగా ఈ జబ్బుతో రెండు కాళ్లూ, చాలా వేళ్లూ పోగొట్టుకుంది. 2009లో వచ్చిన చట్టం క్యాంపస్ హాస్టళ్లలో ఉండేవాళ్లకే వర్తించింది. 2011లో నికోలిస్ విలియమ్స్ అనే విద్యార్థి చనిపోయాడు, అతను ఉండేది క్యాంపస్ బయట. ఆ ఏడాదే బయట ఉండేవాళ్లకూ చట్టాన్ని విస్తరించారు. మనవాళ్లు ఎక్కువమంది బయటి అపార్ట్‌మెంట్లలో ఉంటారు కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నాను.

ఎంఎస్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి 22 నిండే ఉంటాయి, ఫారంలో అవసరం లేదని వస్తుంది. నాకూ అలాగే వచ్చింది. అయినా వేయించుకోమనే నా మాట. ఇంగ్లండ్ వెళ్లేవాళ్లయితే, 25వ పుట్టినరోజు లోపు ఉన్న కొత్త విద్యార్థులకు అక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ఈ టీకా ఉచితం. బి టీకా గురించి వచ్చాక యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో అడగండి. 2013లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో వ్యాపించింది బి రకమే. అప్పటికి అమెరికాలో దాని టీకాకు అనుమతి లేక, ప్రత్యేక అనుమతితో బయటి నుంచి తెప్పించి వేశారు.

నల్లగొండలో నాకు టీకా వేసింది పిల్లల డాక్టర్. వరండాలో చంటిపిల్లలతో తల్లులు, వాళ్ల మధ్య గడ్డంతో నేను. ఆయన దగ్గర స్టాక్ లేదు, హైదరాబాద్ నుంచి ఐస్ డబ్బాలో తెప్పించడానికి మూడు రోజులు పట్టింది. ధర వేలల్లో ఉంటుంది, విమానం టికెట్‌తో పాటే లెక్కేసుకోండి. టీకా పనిచేయడానికి వారం పది రోజులు కావాలి, కాబట్టి చివరి వారానికి పెట్టుకోవద్దు. కార్డు మీద టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, స్టాంపు ఇంగ్లిష్‌లో ఉండేలా చూసుకోండి. స్టాంపు లేదని నా క్లాస్‌మేట్ కార్డు వెనక్కి పంపారు.

అయితే టీకా వేయించుకున్నామని నిశ్చింతగా ఉండటానికి లేదు. నా మొదటి అక్టోబరులో జరిగింది చెప్తాను. జడ్చర్ల నుంచి వచ్చిన మా రూమ్మేట్‌కు మధ్యాహ్నం జ్వరం మొదలైంది. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో వేసుకున్నాడు. "పండుకుంటే తగ్గుతది" అన్నాడు. మేము సరేనని డ్యూటీలకు వెళ్లిపోయాం. రాత్రి పదకొండుకు వచ్చేసరికి దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. లైటు వేస్తే "తియ్ తియ్" అని అరిచాడు. బకెట్‌లో వాంతి. లేపి కూర్చోబెట్టి గడ్డం ఛాతీకి ఆనించమంటే మెడ వంగలేదు. చేతులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. అప్పటికీ మాలో ఒకడు, బిల్లు ఎంతవుతుందో, పొద్దున చూద్దాం అన్నాడు. అతన్ని తప్పుపట్టను, అందరి గుండెలో ఉన్న టెన్షన్ అదే. చివరికి ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేశాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. వైరస్ వల్ల వచ్చినదని తేలింది, కోలుకున్నాడు. అదే బ్యాక్టీరియా అయ్యుంటే, మేము పోగొట్టిన ఆ తొమ్మిది గంటలు వాడికి దక్కేవి కావు.

డబ్బు భయం గురించి ఒక్క మాట. అమెరికాలో 1986 నుంచి ఉన్న చట్టం ప్రకారం, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణం నిలబెట్టాలి. బిల్లు తర్వాత వస్తుంది, దాని సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు, మాట తడబడటం, వీటిలో ఏవి కలిసినా ఆగకండి. ఒంటి మీద ఎర్రటి, ఊదా మచ్చలు వచ్చి, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాకపోతే అది పెద్ద ప్రమాద సూచన. మన ఒంటిరంగు మీద అవి తొందరగా కనిపించవు. అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడండి. మచ్చలు రాలేదని మాత్రం ఊరుకోవద్దు, చాలామందికి అవి రావు, లేదా ఆలస్యంగా వస్తాయి. గదిలో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రి ఒకరు పక్కన ఉండాలని, రెండు మూడు గంటలకోసారి లేపి మాట్లాడించాలని చేరిన రోజే అనుకోండి.

రూమ్మేట్‌కు మెనింగోకాకస్ అని తేలితే, కలిసి ఉన్నవాళ్లందరికీ యాంటీబయాటిక్ ఇస్తారు. వీలైతే 24 గంటల్లోనే వేసుకోవాలి. ఆరోగ్య శాఖ నుంచి ఫోన్ వస్తే కొత్త నంబరని కట్ చేయకండి. ఎవరెవరు ఆ గదిలో పడుకున్నారో, లీజులో పేరు లేనివాళ్లతో సహా, దాచకుండా చెప్పండి. టీకా వేయించుకున్నవాళ్లు కూడా ఆ మందు వేసుకోవాల్సిందే.