క్లౌడా, ఆఫీసులో డిస్కా? రెండూ పెట్టాకే కుదుటపడ్డాం

మాది ఆరుగురు పనిచేసే చిన్న వీడియో ఎడిటింగ్ ఆఫీసు. మొదట్లో ఫైళ్లన్నీ క్లౌడ్‌లోనే (నెట్ ద్వారా వాడుకునే స్టోరేజీలో) పెట్టాం. బిల్లులు, కొటేషన్లకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా వీడియోలతోనే. మా నెట్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్. ఒక్క షూటింగ్ ఫుటేజ్ 40 జీబీ ఉంటే, ఎక్కడానికి దాదాపు 9 గంటలు. క్లౌడ్ తీసుకునేవాళ్లు డౌన్‌లోడ్ కాదు, ఈ అప్‌లోడ్ లెక్క ముందు వేసుకోవాలి.

అసలు దెబ్బ వేరే. ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని ఒకరు పాత ప్రాజెక్టు ఫోల్డర్ తీసేశారు. సింక్ అయ్యి, అంటే ఒకచోట చేసిన మార్పు అన్నిచోట్లా దానంతటదే జరిగి, అందరి దగ్గరా పోయింది. ఆరు వారాల తర్వాత క్లయింటు అడిగితే గానీ చూసుకోలేదు. మేం వాడే సర్వీసులో చెత్తబుట్ట 30 రోజులకే ఖాళీ అవుతుంది. ఆ ఫైళ్లు ఇక దొరకలేదు. సింక్ వేరు, బ్యాకప్ వేరు అని ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు రెండు డిస్కుల నాస్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజీ పెట్టె) పెట్టాం, వైఫై కాకుండా కేబుల్‌తో. రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అవే ఫైళ్లు ఉండే పద్ధతి) కాబట్టి ఒక డిస్కు పోయినా పని ఆగదు. కానీ పొరపాటున చెరిపితే రెండింటిలోనూ పోతుంది, అందుకే రోజూ స్నాప్‌షాట్ (ఆ సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా గుర్తుంచుకునే ఏర్పాటు) తీసేలా పెట్టాను. పూర్తయిన వీడియోలు రాత్రిళ్లు క్లౌడ్‌కు వెళ్తాయి. ప్రతి శుక్రవారం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, వైరు పీకేసి, వేరే చోట దాస్తాం. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా వైరు లేని డిస్కును ముట్టుకోవడం దాని వల్ల కాదు. బిల్లులు మాత్రం క్లౌడ్‌లోనే ఉంచేశాం.

నెలకోసారి ఏదో ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూస్తున్నాను. ఒక ఫోల్డర్ అసలు కాపీయే కావట్లేదని మొదటి నెలే అలా బయటపడింది.