గడ్డివామి వేసే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

తెనాలి, దుగ్గిరాల వైపు నూర్పిళ్లు అయిపోగానే అందరికీ వాముల తొందర పట్టుకుంటుంది. ఏడాది పొడుగునా పశువు తినే మేత అది. ఒక రోజు ఆగినా నష్టం లేదు, ముందు ఇవి చూసుకోండి.

• గడ్డి నిజంగా ఆరిందా? పైపైన తడిమి సరిపెట్టుకోకండి. మోపు నడుమ నుంచి గుప్పెడు లాగి మెలిపెట్టండి. పెళపెళ విరిగితే మంచిది. మెత్తగా వంగి చేతికి చెమ్మ తగిలితే మళ్లీ ఎండలో పరవండి. కణుపుల దగ్గరే పచ్చి దాగి ఉంటుంది. పచ్చిగడ్డి తొక్కిన వామిలో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది, బూజు పడుతుంది. వేడి ముదిరితే నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. యంత్రం చుట్టిన కట్టలను ఇంకా అనుమానించాలి. పైన ఎండినట్టే ఉంటాయి, లోపల తడి.

• పొద్దుటి మంచు ఆరకుండా పని మొదలుపెట్టకండి.

• చోటు మెరకగా ఉండాలి. కరెంటు తీగల కింద అసలే వద్దు. పొయ్యికి, ఇంటికి దూరంగా ఉంచండి.

• మన నల్లరేగడి చెమ్మను వదలదు. అడుగున రాళ్లో తాటిమొద్దులో పేర్చి, పైన కందికంప పరవండి.

• పాత వామి అడుగు తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి. పాములు, తేళ్లు ఉంటాయి.

• నడుమ భాగం అంచులకన్నా ఎత్తుగా తొక్కించండి, వాననీరు బయటికి జారిపోతుంది. పైనున్న మనిషి దిగడానికి నిచ్చెన సిద్ధంగా ఉంచండి. బీడీ, చుట్ట దగ్గరికి రానివ్వకండి, ఎంత పెద్దవారైనా సరే.