వీల్‌చెయిర్‌లో వ్యాయామానికి కూర్చునే ముందు

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు డంబెల్ పట్టుకునే ముందు చూసుకోవాల్సినవి:

• మూత్రాశయం ఖాళీ చేసుకోండి. క్యాథెటర్ (మూత్రం బయటికి పోయే) గొట్టం తొడ కింద నలిగిందేమో వేళ్లతో తడిమి చూడండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. దెబ్బ ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గర గానీ, ఆ పైన గానీ ఉంటే, నిండిన మూత్రాశయం ఒక్కటి చాలు, బీపీ ప్రమాదకరంగా పెరగడానికి. తల పగిలేలా నొప్పి, ముఖానికి చెమటలు దాని గుర్తులు. వెంటనే ఆపండి. పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టి బెల్టులు వదులు చేసి, గొట్టం మళ్లీ చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

• రెండు బ్రేకులూ వేశారా?

• ఒత్తిడికి పుండు మొదలవుతోందేమో పిరుదులు, మడమలు అద్దంలో చూసుకోండి. మన చర్మం మీద ఎరుపు తేలిగ్గా కనపడదు. నల్లబారినా, వేడిగా తగిలినా ఆ చోట బరువు పడనివ్వొద్దు.

• దెబ్బకు కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఎండాకాలం తెల్లవారుజామునే చేయండి, తడి తువ్వాలు పక్కన ఉంచుకోండి.

• కాలరీల ఖర్చు తక్కువ కాబట్టి అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచండి. కిడ్నీ సమస్య ఉంటే ముందు డాక్టర్ని అడగండి.

• కొత్తవాళ్లకు వారానికి రెండుసార్లు, 20 నిమిషాలు చాలు. అదీ ఒక్కరోజులో చేరుకోనక్కర్లేదు.