అందరూ అవే డబ్బాలు అమ్ముతున్నప్పుడు బెజవాడలో హోమ్ పార్టీ నడపడం ఎలా?

ఇరుగుపొరుగును ఇంటికి పిలిచి, సరుకు చూపి అమ్మడమే హోమ్ పార్టీ. పటమటలోనో సత్యనారాయణపురంలోనో ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఒకే రకం వంటింటి డబ్బాలు అమ్ముతున్నప్పుడు, నాలుగవవారు మొట్టమొదట చేసే పొరపాటు తమ కమీషన్‌లోంచి తగ్గింపు ఇవ్వడం. వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాల ధరతో ఇంటి అమ్మకం ఎన్నటికీ పోటీ పడలేదు. పైగా ఒకసారి తగ్గించి ఇచ్చిన ధరే మరునాటికి అసలు ధరై కూర్చుంటుంది. 1951లో టప్పర్‌వేర్ అనే ప్లాస్టిక్ డబ్బాల సంస్థ తన సరుకును దుకాణాల నుంచి వెనక్కు తీసుకొని ఇళ్లలో పార్టీల ద్వారానే అమ్మసాగిందంటే, ఆ డబ్బాల మూతను ఎలా బిగించాలో ఎదురుగా చేసి చూపితే తప్ప దాని ప్రయోజనం కొనేవారికి బోధపడకపోవడమే అందుకు ముఖ్య కారణం.

కాబట్టి కేటలాగు చదివి వినిపించడం మాని, ఒక్క వస్తువును పరీక్షకు పెట్టండి. పార్టీకి వారం ముందు జంతికలను కొన్ని మీ డబ్బాలోనూ, కొన్ని ఇంట్లోని మామూలు స్టీలు డబ్బాలోనూ పోసి ఉంచి, ఆ రోజు అందరి ముందూ రెండూ తెరిచి తినిపించండి. ముసురు రోజులైతే తేడా ఉన్నదీ లేనిదీ నోటికే తెలుస్తుంది. తేడా లేకపోతే ఆ డబ్బాను అమ్మకండి. ఆవకాయకు ఏది మంచిదని ఎవరైనా అడిగితే మాత్రం జాడీ అనే చెప్పండి, ఎందుకంటే నూనె, కారం, పసుపు కలిసి ప్లాస్టిక్‌కు పట్టించే మరకా వాసనా ఒక పట్టాన వదలవు, ఆ సంగతి మీకంటే ముందే ఆ గదిలోని పెద్దవారికి తెలుసు.

ఇక అదను. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచి అమ్మకం పెట్టడం నా దృష్టిలో మర్యాద కాదు. వాయనానికి వచ్చినవారు మొహమాటానికి ఒకటి కొని, మరోసారి గడప తొక్కరు. అదే ఆషాఢంలో, బీసెంట్ రోడ్డు తగ్గింపు ధరల చీరలతో కిటకిటలాడే రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం ఏడెనిమిది మందిని పిలిచి, వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంతో పాటు ఇవ్వదగిన చిన్న డబ్బాలను డజన్ల లెక్కన చూపితే, ఒక్కొక్క ఆర్డరు విడి అమ్మకాలు ఎన్నింటికో సమానమవుతుంది. అడ్వాన్సు తీసుకుని, వ్రతానికి కనీసం వారం ముందే సరుకు చేర్చాలి.

ఆ గదిలో మనుషులను మీ కింద అమ్మకందారులుగా చేర్చుకునే ప్రస్తావన తేకండి. 2021 డిసెంబరు 28న వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల (డైరెక్ట్ సెల్లింగ్) నియమాలు పిరమిడ్ పథకాలను, అంటే సరుకు అమ్మకం కన్నా కొత్తవారిని చేర్చడం మీదే డబ్బు వచ్చే పథకాలను, నిషేధించాయి, చేరడానికి రుసుము వసూలు చేయరాదన్నాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా అమ్మకానికి ఎవరి ఇంటికీ వెళ్లకూడదని కూడా అవే చెబుతున్నాయి. వస్తువు తిరిగి ఇచ్చే పద్ధతిని ఆర్డరు రాసుకునేటప్పుడే వివరించండి.

పార్టీ అయిన పదిహేను రోజులకు కొన్న ప్రతి ఇంటికీ ఫోను చేసి, మూత సరిగ్గా పడుతున్నదా అని మాత్రమే అడిగి పెట్టేయండి. పగిలిన మూతను కంపెనీ మార్చి ఇచ్చే పక్షంలో ఆ పని మీరే దగ్గరుండి చేయించాలి. ఏ ఇంట ఏ సైజు తీసుకున్నారో, ఎవరి ఇంట ఎప్పుడు వ్రతమో, గృహప్రవేశమో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, వచ్చే ఆషాఢంలో ఎవరిని పిలవాలో వెతుక్కోనక్కరలేదు.