బరంపురం, పర్లాకిమిడి వైపు పాత కాలేజీ చరిత్ర రాయాలంటే

వార్షికోత్సవ సంచికకో, గేటు దగ్గర బోర్డుకో కాలేజీ చరిత్ర రాసే పని మీద పడితే ముందు ‘స్థాపితం’ అనే మాటని పక్కన పెట్టండి. బడి ఎప్పుడు, కాలేజీ ఎప్పుడు, పేరు ఎప్పుడు: మూడు గళ్లు గీసుకోండి. కళ్ళికోట కాలేజీనే చూడండి. 1856లో బడి, 1878లో ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్ స్థాయి) తరగతులు, 1893లో రాజావారి విరాళంతో కళ్ళికోట పేరు. మూడూ నిజమే, ఒకదాని చోట ఒకటి రాస్తేనే తప్పు. పర్లాకిమిడి కాలేజీకి చెప్పే ఏడాది 1896. గిడుగు రామమూర్తిగారు అక్కడి రాజావారి బడిలో చేరింది 1880లో. రెండూ కలిపేస్తే ఆయన్ని ఇంకా పుట్టని కాలేజీలో లెక్చరర్ని చేసినట్టే.

కాగితాలకి వెళ్లే దారి పరిపాలన మారిన దారే. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఈ ఊళ్ల పాత జిల్లా గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు కింద ఉంది కాబట్టి అప్పటి విద్యాశాఖ దస్తావేజులకి చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతకాలి, ఆ తరవాతవాటికి భువనేశ్వర్‌లో. యూనివర్సిటీ క్యాలెండర్లయితే (కాలేజీల వివరాలుండే వార్షిక పుస్తకాలు) మొదట మద్రాసువి, 1926లో ఆంధ్ర వచ్చాక దానివి, 1943 నుంచి ఉత్కళవి, 1967 నుంచి బరంపురంవి తిరగేయండి. ఒక్క జాగ్రత్త: బెంగాల్లోనూ బరంపురం పేరుతో ఊరుంది, అక్కడా పాత కాలేజీ ఉంది. ఇంగ్లీషు జాబితాల్లో స్పెల్లింగులు కలిసిపోతాయి. పక్కన గంజాం అని ఉందా, ముర్షిదాబాద్ అని ఉందా చూడకుండా ఒక్క అంకె కూడా ఎత్తి రాయకండి.

పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. మద్రాసు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపండి. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్. నెల చూడకుండా కలిపితే ఏడాది తేడా వస్తుంది.

స్థలం లెక్కలో ఇంతకన్నా పెద్ద గొయ్యి గుంట. తెలంగాణలో ఎకరాకి 40 గుంటలు, ఒడిశాలో 25. ఇక్కడి గుంట 4 డెసిమళ్లు, అంటే 1,742.4 చదరపు అడుగులు. అక్కడిది 1,089. అందుకే డెసిమళ్లలోనే రాయండి, డెసిమల్ అంటే మన సెంటే. పాత (సాబిక్) ప్లాటు నంబరు, కొత్త (హాల్) నంబరు రెండూ నోట్ చేసుకోండి. ఒకటే రాస్తే తరవాత వచ్చేవాళ్లకి పటం మీద అది దొరకదు.

ఇక ఆవరణ. 30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు చాలు. గోడ పొడవునా టేపు ఒక్కసారి పరిచి, కిటికీలూ తలుపులూ అన్నీ ఆ సున్నా నుంచే చదవండి. ముక్కలుగా కొలిచి కూడితే ప్రతి ముక్కకీ కాస్త తప్పు పేరుకుంటుంది. గది రెండు కర్ణాలూ కొలవండి. సమానం రాకపోతే గది వంకరగా ఉందన్నమాట, లేదా టేపు వేలాడింది.

శిలాఫలకం చదవాలంటే సాయంత్రం టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వేయండి. అక్షరాల నీడ పడుతుంది. సున్నం గోకడం, అక్షరాల్లో సుద్ద రుద్దడం, పెయింటు పూయడం వద్దు. తప్పుగా చదివి రంగు వేస్తే ఆ తప్పే శాశ్వతం. ఫోటోలో స్కేలు పెట్టండి.

చెట్ల చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీయాలి, వాలు నేలైతే ఎగువ వైపు నుంచి. దాన్నిబట్టి వయసు మాత్రం కట్టొద్దు, నీరు అందిన నిద్రగన్నేరు చూస్తుండగానే లావెక్కుతుంది. చెట్టు లేకపోవడం కూడా పనికొస్తుంది. 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2018 అక్టోబరు 11 తిత్లీ తుపాన్లు ఈ ప్రాంతంలో చాలా చెట్లని కూల్చాయి. ఏ చెట్టు ఏ తుపానుకి పోయిందో తోటమాలినో, పాత అటెండర్నో అడిగి పటం మీద రాసుకుంటే, తేదీ లేని ఫోటోలని ఆ చెట్టునిబట్టి ముందువీ వెనకవీ అని విడదీయొచ్చు.