ముసురు పట్టినప్పుడు రొయ్యల చెరువులో డీవో (నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్) ఎలా లెక్కేసుకోవాలి

మా వైపు ముసురు పట్టిందంటే చాలు, అల్పపీడనం వల్ల డీవో పడిపోయింది అంటారు గట్టు మీద అందరూ. అందులో కొంచెమే నిజం, ఆ కొంచెం ఎంతో తెలిస్తే ఏరేటర్లు (నీళ్ళని చిలికి గాలి కలిపే మిషన్లు) ఎప్పుడు వెయ్యాలో తెలుద్ది.

ముందు వేడి సంగతి. పంచదార వేడినీళ్ళల్లో ఎక్కువ కరుగుద్ది కదా, ఆక్సిజన్‌కి రివర్స్, నీళ్ళు కాగేకొద్దీ పట్టదు. మంచినీళ్ళు గాలి నుంచి లీటరుకి 25 డిగ్రీల దగ్గర 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటాయి, 30కి 7.6, 35కి 7 లోపే. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి చూడండి, మరగడానికి చాలా ముందే లోపల అంచులకి సన్న బుడగలు అంటుకుంటాయి, అది నీళ్ళల్లో ఉన్న గాలి బయటికొచ్చేయడమే. ఉప్పునీళ్ళల్లో ఇంకా తక్కువ పట్టుద్ది, డీవో మీటర్లో సెలినిటీ (నీళ్ళల్లో ఉప్పు ఎంతో) సెట్ చెయ్యకపోతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి మోసం చేస్తది.

ఇక ప్రెజర్. గాలి ఒత్తిడి ఎంత తగ్గితే కరిగేదీ అదే లెక్కన తగ్గుద్ది. 1008 మిల్లీబార్లు ఉండేది 998కి పడిందనుకోండి, ఒక్క శాతం, అంటే 7.6లో 0.08. దీనికి రొయ్య చావదండీ! అసలు దెబ్బ మబ్బుది, ఎండ లేక పగలు ప్లాంక్టన్ (నీళ్ళల్లో తేలే సన్న నాచు) ఆక్సిజన్ సరిగ్గా తయారు చెయ్యదు, రాత్రి మాత్రం రొయ్యలతో పాటు అదీ పీల్చేసుకుంటది. ఒకసారి తెల్లవారుజామున నాలుగున్నరకి టార్చ్ వేసి చూస్తే గట్టు వార రొయ్యలన్నీ మీసాలు పైకి పెట్టి తేలి ఉన్నాయి, ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అందుకే మబ్బు రోజున సాయంత్రం 6కి ఒక రీడింగ్, రాత్రి 10కి ఇంకొకటి తియ్యండి. 7 ఉన్నది 5.4 అయితే గంటకి 0.4 చొప్పున పడుతున్నట్టు, అదే లెక్కన ఒంటిగంటన్నరకి రొయ్యకి ఇబ్బంది మొదలయ్యే 4కి వచ్చేస్తది, తెల్లవారి 5కి 2.6. ఒంటిగంట దాకా ఆగకుండా 12కే ఏరేటర్లు వేసెయ్యండి, ఆ రాత్రి మేత తగ్గించండి. మీటరు ప్రోబ్ (నీళ్ళల్లో ముంచే కొన) మాత్రం పైపైన ముంచి తీసెయ్యొద్దు, రొయ్య ఉండేది అడుగున కాబట్టి అడుక్కి జానెడు పైదాకా దించి, మెల్లగా ఆడిస్తూ అంకె నిలబడేదాకా ఉంచండి.